అవ్వ చెప్పింది, మనవరాలు రాసింది



దీపావళి దాటిందంటే మా పెద్దకడుబూరు వీధుల్లో ఒక చప్పుడు వినబడుతుంది. తాళం కప్ప పడే చప్పుడు. ఈ ఇంటికి, దాని పక్కింటికి, ఆ ఎదురింటికి. బియ్యం మూటలు, గిన్నెలు, దుప్పట్లు టెంపోల్లోకి ఎక్కుతాయి. జనం సుగ్గికి పోతున్నారు. గుంటూరు వైపు పత్తి తీయడానికి, మిరపకాయలు కోయడానికి. కోసిగి, కౌతాళం, మంత్రాలయం, మా పెద్దకడుబూరు, ఈ పడమటి పల్లెల్లో సుగ్గి అంటే ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. దూరాన ఉండి వింటున్న వాళ్ల కోసం చెబుతున్నాను. వాన మొహం చాటేసి, ఊళ్లో పని దొరకక, కొన్ని నెలల పాటు ఇల్లు విడిచి కూలికి పోవడాన్ని మేం సుగ్గికి పోవడం అంటాం.

రెండేళ్ల కిందట మా వీధి చివరింటి వాళ్లు కూడా అట్లాగే బయల్దేరారు. పాపను మాత్రం అవ్వ దగ్గర వదిలారు. పదకొండేళ్ల పిల్ల. అంతకు ముందేడు వెంట తీసుకుపోయారు. తిరిగొచ్చేసరికి తోటి పిల్లలు ముందుకు పోయారు, తను వెనకబడింది. బడికి పొమ్మంటే గుంజ పట్టుకుని నిలబడేది. ఏడ్చేది. ఇంక ఆ తండ్రి నా దగ్గరికి వచ్చాడు. నేను తెలుగు టీచరుగా పనిచేసి రిటైరయినదాన్ని. అరుగు మీద కూర్చుని అడిగాడు.

"టీచరమ్మా, ఈ ఏడు పాపను బడికి తోలలేను. ఇంటికాడనే సదివించుకుంటాం. లెక్కలకు బుక్కు ఉండాది. రాసేదానికి ఏ బుక్కు కొనాల?"

రాసేదానికి ఏ బుక్కు కొనాల. ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. ఎందుకంటే అదే ప్రశ్న ఆదోనిలో ఒక తల్లి కూడా అడిగింది. ఆమెది వేరే సంగతి. బిడ్డ ఆరోగ్యం బాగలేక ఇంట్లోనే చదివిస్తోంది. ఎమ్మిగనూరులో ఒక జంట అడిగారు. కంప్యూటర్ పని ఇంటి నుంచే చేసుకుంటూ, కావాలనే కొడుకును ఇంట్లో చదివించుకుంటున్నవాళ్లు. ఇంత వేరువేరు ఇళ్లు. ప్రశ్న మాత్రం ఒక్కటే. పదేళ్లు దాటి పన్నెండు నిండని బిడ్డకు, ఇంట్లో, రాయడం నేర్పాలంటే ఏ పుస్తకం? ఏ సిలబస్?

దాని గురించే ఈ పూట మీతో మాట్లాడతాను.

ముందుగా ఒక మాట. బిడ్డ ఇంట్లో చదువుతోందంటే బడి తలుపు మూసుకుపోయినట్టు కాదు. ఇది గట్టిగా గుర్తుపెట్టుకోండి. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఆరు నుంచి పద్నాలుగేళ్ల బిడ్డ నడుమ ఎప్పుడు మానేసినా, వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలని ఆ చట్టం చెబుతోంది. వెనకబడిన పాఠాలకు విడిగా శిక్షణ ఇవ్వాలని కూడా చెబుతోంది. సుగ్గికి పోయే వాళ్ల పిల్లల కోసం సర్కారు సీజనల్ హాస్టళ్లు నడుపుతుంది. మీ ఊరి హెడ్మాస్టరును అడగండి. ఇంట్లోనే చదువుకుంటూ పరీక్ష రాయాలంటే, జాతీయ సార్వత్రిక విద్యాసంస్థలో మూడు, ఐదు, ఎనిమిది తరగతులకు సమానమైన మెట్లు ఉన్నాయి. సార్వత్రిక పద్ధతిలో పదో తరగతికి పద్నాలుగేళ్లు నిండాలి. అంటే పదకొండేళ్ల బిడ్డకు తొందరేమీ లేదు. టైము ఉంది. ఆ టైమును రాతకు ఎట్లా వాడుకుంటామన్నదే అసలు సంగతి.

ఆ తండ్రి అడిగిన నాడు నేనేం చేశానో చెబుతాను. ఆదోనికి పోయి రెండు పుస్తకాలు తెచ్చాను. ఒకటి చూచిరాత పుస్తకం. పైన అచ్చు గీత, కింద ఖాళీ గీతలు. రెండోది వ్యాసాల పుస్తకం. మా గ్రామం, గ్రంథాలయం, ఆవు, దీపావళి, అన్నీ అందులోనే ఉన్నాయి. పాపకు ఇచ్చాను. పాప బుద్ధిమంతురాలు. నెల తిరక్కముందే చూచిరాత పుస్తకం నింపేసింది. అక్షరాలు ముత్యాల్లాగున్నాయి. నాకెంతో సంతోషమయింది. ఇంక మీ ఊరి గురించి ఒక పేజీ రాయమ్మా అన్నాను.

రాసింది. మా గ్రామము పక్కన నది ప్రవహించుచున్నది. నది ఒడ్డున మామిడి తోపులు కలవు. గ్రామ ప్రజలు సుఖసంతోషములతో జీవించుచున్నారు.

నేను ఆ పేజీ పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. మా పెద్దకడుబూరు పక్కన నది లేదు. తుంగభద్ర ఉన్నది మంత్రాలయం దగ్గర. మాకు తెలిసిన నీళ్లు కాలువ నీళ్లు, ట్యాంకరు నీళ్లు. మామిడి తోపుల సంగతి సరే, మాది నల్లరేగడి నేల. పత్తి, జొన్న, మిరప, బుడ్డలు పండే నేల. ఇంక సుఖసంతోషాల సంగతి. ఆ పిల్ల అమ్మా నాయనా ఆ క్షణాన గుంటూరు జిల్లాలో ఏదో చేని గట్టున టార్పాలిన్ పట్టా కింద పడుకుని ఉన్నారు.

"నది యాడుందమ్మా?" అనడిగాను.

"పుస్తకంలో ఉంది టీచరమ్మా," అంది.

అమ్మల్లారా, నాయనల్లారా, ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. పుస్తకంలో ఉంది. ఆ పిల్లకు రాయడమంటే పుస్తకంలో ఉన్నది తిరిగి దించడం. తన కంటికి కనబడింది రాయొచ్చునని ఆమెకెవరూ చెప్పలేదు. ఇన్నేళ్లు టీచరుగా ఉండి నేను కూడా చెప్పలేదు.

ఆ సాయంత్రం వాళ్లింటికి పోయాను. అవ్వ పొయ్యి దగ్గర జొన్నరొట్టె చేస్తోంది. పాప పక్కన కూర్చుని ఉంది. నోటుబుక్కు నేను పట్టుకున్నాను. "పాపా, అవ్వ రొట్టె ఎట్లా చేస్తుందో నాకు చెప్పు. నాకు చేతకాదు. నువ్వు చెబితే నేను రాసుకుంటా," అన్నాను.

పాప చెప్పింది. "మా అవ్వ మొదలు ఎసురు పెడ్తాది. నీళ్లు కుతకుతలాడితే పిండిలో పోస్తాది. చెయ్యి కాలుతాదని గంటెతో కలుపుతాది. సల్లారినాక పిసికి పిసికి ముద్ద చేస్తాది. పీట మీద తడ్తాది. ఆ తట్టే సప్పుడుకు మా పిల్లి లేస్తాది. పెనం మీదేసి తడిగుడ్డతో నీళ్లు అద్దుతాది. రొట్టె పొంగితే అవ్వ నవ్వుతాది."

నేను ఆమె నోట వచ్చింది వచ్చినట్టే రాశాను. ఒక్క అక్షరం దిద్దలేదు. తర్వాత నోటుబుక్కు ఆమె చేతికిచ్చి చదవమన్నాను. చదువుతూ పోయింది. పిల్లి దగ్గరికి వచ్చేసరికి ఆగింది. నా మొహం చూసింది. "ఇది నేను చెప్పిందే కదా!" అంది. "నువ్వు చెప్పిందే. నువ్వు రాసిందే," అన్నాను. అవ్వకు చదువు రాదు. మళ్లీ చదవమంది. మూడుసార్లు చదివించుకుంది.

ఆ పిల్లి వ్యాసాల పుస్తకంలో దొరకదు. రొట్టె తట్టే చప్పుడుకు లేచే పిల్లి ఆ ఇంట్లోనే ఉంది. బిడ్డ రాత అక్కడ మొదలవుతుంది. అందుకే ఏ పుస్తకం కొనాలి అనే ప్రశ్నకు నా మొదటి జవాబు ఇది. కొనక ముందు బిడ్డ చేత చెప్పించండి. ముందు చెప్పించడం. తర్వాతే రాయించడం.

ఇది నేను కనిపెట్టిందేమీ కాదు. ఇంగ్లండులో షార్లెట్ మేసన్ అనే పంతులమ్మ ఉండేవారు. 1923లో పోయారు. ఇంట్లో చదివించుకునే తల్లిదండ్రులు ప్రపంచమంతటా ఈనాటికీ ఆమె పద్ధతిని పట్టుకుని నడుస్తున్నారు. ఆమె పద్ధతి చాలా తేలిక. మంచి పుస్తకంలోంచి ఒక ముక్క ఒక్కసారే చదివి వినిపించండి. బిడ్డను తన మాటల్లో తిరిగి చెప్పమనండి. చిన్నప్పుడంతా నోటితోనే చెప్పించండి. పదేళ్ల ప్రాయానికి వచ్చాకనే కాగితం మీద పెట్టించండి. చూడండి, మనం మాట్లాడుకుంటున్న వయసు సరిగ్గా అదే. నోటిమాట కాగితం మీదికి దిగే వయసు.

మన ఊళ్లలో దీనికి లోటు లేదు. పీర్ల పండగ నాడు గుండం చుట్టూ అలాయ్ ఆడింది చెప్పించండి. శ్రావణంలో ఉరుకుంద ఈరన్న స్వామి దగ్గరికి పోయొచ్చింది చెప్పించండి. ఎమ్మిగనూరు జాతరలో ఏమేం కొన్నారో చెప్పించండి. ఆదోని మార్కెట్ యార్డులో నాయన పత్తి ఏ ధరకు పోయిందో, ఇంటికొచ్చి నాయన ఏమన్నాడో చెప్పించండి. చెప్పేటప్పుడు బిడ్డను ఆపకండి. దిద్దకండి.

ఇక్కడ మీకొక అనుమానం వస్తుంది. నాకూ చాలామంది చెప్పారు. "టీచరమ్మా, మా పిల్లలు యాడికి, ఉండాది, పెడ్తాది అంటారు. కొందరి ఇళ్లలో సగం కన్నడం కలుస్తుంది. అట్లా రాస్తే పరీక్షలో మార్కులు వేస్తారా?" న్యాయమైన అనుమానమే. గిడుగు రామమూర్తి పంతులు గారు జీవితమంతా పోరాడింది దీని కోసమే. జనం మాట్లాడే భాషకు, బడిలో రాసే భాషకు నడుమ గోడ కడితే పిల్లలకు చదువు అందదని ఆయన చెప్పారు. ఆయన పుట్టిన ఆగస్టు 29ని మనం తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. సవర పిల్లలకు సవర భాషలోనే చదువు చెప్పాలని ఆ భాష నేర్చుకుని పుస్తకాలు రాసిన మనిషి ఆయన. మరి మన బిడ్డకు మన ఇంటి తెలుగులో మొదటి వాక్యం రాసుకునే హక్కు లేదా? ఉంది. పాప మొదట పెడ్తాది అనే రాసింది. ఆర్నెల్ల తర్వాత పెడుతుంది అని తనే మార్చుకుంది. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. కథల పుస్తకాలు చదివీ చదివీ తనకే తెలిసింది, పుస్తకంలో మాట ఒకటి, పొయ్యి కాడ మాట ఒకటి అని. ఇప్పుడు రెండూ వచ్చు. అవ్వ మాట్లాడినట్టు రాయాల్సిన చోట ఈనాటికీ పెడ్తాది అనే రాస్తుంది.

ఇక రెండో సంగతి. దీన్ని రెండుసార్లు చెబుతాను, ఎందుకంటే ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. రాయడం ఒక పని కాదు. మూడు పనులు. చెయ్యి తిరగడం ఒకటి. అక్షరం తప్పుల్లేకుండా రావడం ఒకటి. మనసులో ఉన్నది వాక్యమవడం ఒకటి. మళ్లీ చెబుతున్నాను. చెయ్యి, అక్షరం, ఆలోచన. మూడు పనులు. ఒకే కాడికి మూడు ఎద్దులను కట్టి సాలు తోలితే సాలు సక్కగా రాదు. ఒక పూట చూచిరాత పెట్టండి, పది నిమిషాలు. అది చేతి కోసం. ఇంకో పూట ఉక్తలేఖనం చెప్పండి, నాలుగు వాక్యాలు. అది అక్షరం కోసం. సొంత రాత రాయించే పూట మాత్రం చేతి మీద, అక్షరం మీద మాట పడనీయకండి. ఆ పూట ఆలోచనది.

చూచిరాతను నేను తీసిపారేయమనడం లేదు. అక్షరం కుదరని బిడ్డకు అది మందు. కానీ మందుతో కడుపు నిండదు కదా. మొదటి నెలలో నేను చేసిన పొరపాటు అదే. మందునే అన్నంలాగా పెట్టాను.

అక్షరం సంగతి వచ్చింది కాబట్టి ఒక ముచ్చట. పాప ఒకనాడు రాసింది, "మా నాయన గుంటూరులో పతి తీస్తున్నాడు." తకు త వత్తు లేదు. పత్తి కాస్తా పతి అయింది. నేను ఎర్ర సిరా తీయలేదు. "పాపా, పతి అంటే మొగుడు అని అర్థం," అన్నాను. పకపకా నవ్వింది. అవ్వకు పోయి చెప్పింది. అవ్వ కూడా నవ్వింది. ఇక ఆ వారమంతా మా పని వత్తులే. పత్తి, బుడ్డలు, రొట్టె, గుడ్డ, తట్ట. ఆ ఇంట్లో వత్తున్న మాటలన్నీ వెతికి రాసింది. తర్వాతి వారం దీర్ఘాలు. ఆ తర్వాతి వారం ల, ళ. వారానికి ఒక్క తప్పు. పేజీలో ఇరవై తప్పులున్నా ఆ వారానికి ఎంచుకున్న ఆ ఒక్కటే దిద్దాను. తక్కిన పందొమ్మిదీ కళ్ల ముందే ఉంటాయి. చెయ్యి లాగుతుంది, నాకు తెలుసు. పట్టుకోండి. ఇరవై ఎర్ర గీతలు పడ్డ పేజీని ఏ బిడ్డా మళ్లీ తెరవదు.

అక్షరాలు తిరగేసి రాసే బిడ్డలను చూసి కొందరు తల్లులు భయపడతారు. వాళ్లకు నేను మన జిల్లా సంగతే ఒకటి చెబుతుంటాను. పత్తికొండ అవతల, గుత్తి దారిలో ఎర్రగుడి ఉంది. అక్కడ బండల మీద అశోకుడి శాసనాలు చెక్కి ఉన్నాయి. రెండువేల రెండువందల ఏళ్లు దాటిన రాత. అందులో ఒక శాసనంలో కొన్ని వరసలు ఎడమ నుంచి కుడికి నడుస్తాయి. కొన్ని వరసలు కుడి నుంచి ఎడమకు నడుస్తాయి. ఎద్దులు చేనిలో ఒక సాలు పోయి, తిరిగి ఇంకో సాలు వచ్చినట్టు. పిల్లలకు ఆ బండ చూపించండి. దగ్గరే కదా. చూసొచ్చి దాని గురించి చెప్పమనండి. చెప్పింది రాయమనండి. అది ఏ సిలబస్‌లోనూ దొరకని పాఠం. ఒకటి మాత్రం చెప్పాలి. పదేళ్లు దాటినా బిడ్డ అక్షరాలను ఎప్పుడూ తిరగేస్తూ, చదవడానికి కూడా బాగా కష్టపడుతుంటే డాక్టరుకు చూపించండి. ఆలస్యం చేయకండి.

ఇంట్లో చదివి రాయడం నేర్చుకుంటే ఎంతదాకా పోగలరు అని అడిగే వాళ్లున్నారు. బండారు అచ్చమాంబ గారి గురించి చెబుతాను వినండి. 1874లో నందిగామ ప్రాంతంలో పుట్టారు. పదేళ్ల వయసుకే పెళ్లి. బడి లేదు. తమ్ముడు ఆమె ఇంట్లోనే ఉండి చదువుకునేవాడు. ఆ తమ్ముడే కొమర్రాజు లక్ష్మణరావు గారు. తర్వాతి కాలంలో విజ్ఞాన సర్వస్వం తలకెత్తుకున్న మహానుభావుడు. తమ్ముడు చదువుకునేటప్పుడు అక్క పక్కన కూర్చుంది. విన్నది. చూసింది. నేర్చుకుంది. తెలుగు, హిందీ అట్లా వచ్చాయి. ఆ అక్క 1901లో అబలా సచ్చరిత్ర రత్నమాల అనే పుస్తకం వేసింది. గొప్ప స్త్రీల చరిత్రలు అవి. 1902లో హిందూ సుందరి పత్రికలో ధనత్రయోదశి అనే కథ రాసింది. తెలుగులో తొలి కథల వరసలో దాన్ని నిలబెడతారు. పక్కన కూర్చుని చదువుకునే మనిషి ఒకరు ఉండడమే ఆమెకు దొరికిన బడి.

అందుకే తల్లిదండ్రులకు చెబుతుంటాను. బిడ్డను రాయమని మీరు ఫోను చూస్తూ కూర్చోకండి. బిడ్డ రాసే ఆ అరగంట మీరూ ఏదో ఒకటి రాయండి. కిరాణా పద్దు రాయండి. చేనికి పెట్టిన ఖర్చు రాయండి. రాయడం రాకపోతే పక్కన కూర్చుని చెప్పండి, బిడ్డ రాస్తుంది. అవ్వకు చదువు రాదని చెప్పాను కదా. పాపకు అవ్వ కంటే మంచి టీచరు దొరకలేదు. అవ్వ చెప్పేది. మనవరాలు రాసేది. గంజి తాగి బతికిన కరువు సంగతులు, తన పెళ్లికి బండి కట్టుకుని పోయిన దారి, ఏ పురుగుకు ఏ ఆకు కషాయం కొట్టేవాళ్లో, అన్నీ. ఆ నోటుబుక్కు ఇప్పుడు నా దగ్గర ఉంటే ఎంత బాగుండునో. వాళ్లు ఇవ్వరు. దాన్ని దేవుడి గూట్లో పెట్టుకున్నారు.

సరే, చిన్న చిన్న ముక్కలు చెప్పడం, రాయడం వచ్చింది. ఒక పెద్ద సంగతిని వరసగా రాయాలంటే? అక్కడ పిల్లలు తికమకపడతారు. దీనికి ఇటలీ నుంచి ఒక ఉపాయం దొరికింది. అక్కడ కొండల్లో బార్బియానా అనే చిన్న పల్లె. డాన్ లోరెంజో మిలానీ అనే ఫాదరీ అక్కడి పేద రైతుల పిల్లలకు చదువు చెప్పేవారు. పరీక్షల్లో తప్పించి బడి నుంచి పంపేసిన పిల్లలు వాళ్లు. వాళ్లలో ఎనిమిది మంది కలిసి 1967లో ఒక పుస్తకం రాశారు. ఒక పంతులమ్మకు రాసిన ఉత్తరం అది. లోకమంతా చదివింది. ఎట్లా రాశారు? తట్టిన ప్రతి సంగతినీ ఒక్కో చీటీ మీద రాసేవాళ్లు. చీటీలన్నీ పరిచేవాళ్లు. ఒకటే సంగతి రెండుసార్లు వస్తే ఒకటి తీసేసేవాళ్లు. కలిసేవన్నీ ఒక కుప్ప. కుప్పలను వరసలో పెట్టి, అప్పుడు రాసేవాళ్లు. ఆ తర్వాత ఏ మాట లేకపోయినా నడుస్తుందో ఆ మాట కొట్టేసేవాళ్లు.

ఇది మేం ఎమ్మిగనూరు నీలకంఠేశ్వర స్వామి జాతర మీద చేశాం. పాత క్యాలెండరు కాగితాలను చీటీలుగా చించాం. చాప మీద పరిచాం. తేరు ఒక చీటీ. బొరుగుల అంగడి ఒక చీటీ. గాజులు ఒక చీటీ. రంగులరాట్నం ఒకటి. చెప్పు తెగింది ఒకటి. మళ్లీ గాజులు. అన్నీ పరిచి పాప అటూ ఇటూ జరిపింది. జరిపి జరిపి, చెప్పు తెగిన చీటీ తీసుకుపోయి అన్నిటికంటే ముందు పెట్టింది. "ఎందుకమ్మా?" అన్నాను. "చెప్పు తెగబట్టే కదా టీచరమ్మా, నేను అంగళ్ల కాడ ఎక్కువసేపు నిలబడింది," అంది. అప్పుడు నాకు తెలిసింది, ఈ పిల్లకు వ్యాసం వచ్చేసిందని. ఉపోద్ఘాతం, విషయం, ముగింపు అని నేను ఏళ్ల తరబడి బోర్డు మీద రాసినా రానిది చాప మీద చీటీలతో వచ్చింది.

ఇప్పుడు పుస్తకం దగ్గరికి వద్దాం. కొనేవాళ్లు కొంటారు. కొనండి, తప్పులేదు. కానీ అంగట్లో పుస్తకం చేతికి తీసుకోగానే నడిమధ్యన తెరవండి. మొదటి పేజీలు అన్ని పుస్తకాల్లోనూ ముద్దుగానే ఉంటాయి. నడిమధ్యన తెరిచి చూడండి. నీ కంటికి కనబడింది చెప్పు, నీ ఇంట్లో పెద్దలను అడిగి రాయి అని ఆ పేజీ బిడ్డను అడుగుతోందా? లేక తయారుగా ఉన్న వ్యాసాన్ని దించుకోమంటోందా? రాసింది తిరగరాయడానికి చోటు ఇస్తోందా? ఒకసారి రాయించి, మార్కు వేసి, పేజీ తిప్పమంటోందా? ఈ రెండూ చూస్తే చాలు. దించుకోమనే పుస్తకం వెయ్యి రూపాయలదైనా అంగట్లోనే వదిలేయండి.

నన్నడిగితే మన సర్కారు తెలుగు వాచకాన్నే ముందు తెచ్చుకోమంటాను. బడి పిల్లలకు ఊరికే ఇస్తారు. పక్కింటి బిడ్డ పాత పుస్తకం అడిగినా ఇస్తారు. పాఠం వెనక సొంతంగా రాయమనే ప్రశ్నలుంటాయి. బడిలో టైము చాలక వాటిని దాటేస్తుంటారు. మీకు ఇంట్లో టైము ఉంది. పాఠం కంటే ఆ ప్రశ్నల దగ్గర ఎక్కువసేపు కూర్చోండి. దాంతో పాటు కథల పుస్తకాలు. మంచి పుస్తకం అనే ప్రచురణ సంస్థ వాళ్లు వేసే చిన్న పుస్తకాలు, రైలుబడి, పాత చందమామలు, ఏవి దొరికితే అవి. చదవని బిడ్డ చేత రాయించడం ఎండిన బావిలో చేద వేసినట్టే.

ఎమ్మిగనూరు జంట సంగతి చెప్పాను కదా. వాళ్లు అమెరికా నుంచి ఒక ఇంగ్లీషు సిలబస్ తెప్పించారు. ఖరీదైంది. నాకు చూపించారు. పద్ధతి బాగుంది, రోజూ కొంచెం కొంచెం, ముందు చెప్పించి తర్వాత రాయించడం. కానీ ప్రశ్నలన్నీ మంచు కురిసిన రోజు గురించి, అక్కడి పండగల గురించి. వాళ్ల అబ్బాయి మంచు చూడలేదు. పద్ధతిని పెట్టుకుని ప్రశ్నలను మార్చమన్నాను. మంచు కురిసిన రోజుకు బదులు కాలువకు నీళ్లొచ్చిన రోజు. ఎమ్మిగనూరు మగ్గాల ఊరు. మాచాని సోమప్ప గారు 1938లో నేత కార్మికుల సహకార సంఘం పెట్టిన ఊరు. మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చున్న తాతను పోయి అడగమన్నాను, నాడె ఎట్లా పోతుందో. ఆ అబ్బాయి అడిగి వచ్చి రెండు పేజీలు రాశాడు, సగం తెలుగులో, సగం ఇంగ్లీషులో. అమ్మా నాన్నా ఆశ్చర్యపోయారు. నేను ఆశ్చర్యపోలేదు.

ఇంక చివరి సంగతి. నా దృష్టిలో అన్నిటికంటే పెద్ద సంగతి. రాసింది చదివేవాళ్లు కావాలి. మార్కు వేసేవాళ్లు కాదు. చదివేవాళ్లు. రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు గారు, అక్కయ్య కామేశ్వరి గారు ఈ సంగతి బాగా పట్టుకున్నారు. ఆకాశవాణిలో పిల్లల చేతే మాట్లాడించారు. 1945లో బాల అనే పత్రిక పెట్టారు. వింటున్నవాళ్లు, చదివేవాళ్లు అవతల ఉన్నారని తెలిస్తే ఏ బిడ్డా వాక్యం సగంలో వదిలేయదు.

పాప చదువరులు గుంటూరులో ఉన్నారు. టార్పాలిన్ పట్టాల కింద. అక్కడికి పోస్టు పోదు, అడ్రసు లేదు. పాప ఉత్తరం రాసింది. నేను ఫోనులో దాన్ని ఫొటో తీసి నాయనకు పంపాను. నాయనకు కూడబలుక్కుంటే వస్తుంది. అమ్మకు రాదు. ఆ రాత్రి మిరపచేని గట్టు మీద, మా ఊరమ్మాయే ఒకతె, పదో తరగతి దాకా చదివిన పిల్ల, ఆ ఉత్తరాన్ని పైకి చదివిందట. గుడారాల్లో ఉన్నవాళ్లంతా చుట్టూ చేరారట. అందులో పిల్లి ఉంది. తెగిన చెప్పు ఉంది. అవ్వకు మోకాలి నొప్పి తగ్గిందని ఉంది. మీరు పోయినాక మన ఇంటి తాళానికి తుప్పు పట్టింది, నేను కిరసనాయిలు పోసి తుడిచినాను అని ఉంది. తెల్లారి తల్లి ఫోను చేసింది. మాట్లాడలేకపోయింది. ఆఖరుకు ఒకటే అడిగింది. "టీచరమ్మా, పాపను ఇంకోటి రాయమనండి."

ఇంకోటి రాసింది. ఆ సుగ్గి ముగిసేలోపు పదిహేడు ఉత్తరాలు రాసింది. జూన్‌లో బడికి పోయి వయసుకు తగ్గట్టు ఏడో తరగతిలో చేరింది. చేరేటప్పుడు గుంజ పట్టుకోలేదు.

వింటున్న తల్లులారా, తండ్రులారా, అవ్వా తాతలారా. ఈ రాత్రి అన్నాలు తిన్నాక మీ బిడ్డను ఒక్క సంగతి చెప్పమనండి. మన ఇంట్లో ఈ రోజు ఏం జరిగింది అని. చెప్పింది చెప్పినట్టు రాయించండి, దిద్దకండి. పోస్టాఫీసులో ఒక కార్డు తెచ్చుకోండి. ఆ సంగతిని దాని మీద రాయించి ఈ ఆకాశవాణికి పంపండి. బిడ్డ పేరు, ఊరి పేరు మరవకండి. వచ్చిన ప్రతి కార్డూ నేను చదువుతాను. చదివి, ఆ బిడ్డకు జవాబు రాస్తాను.